నాలుగేళ్ల రాబిట్ ఎంక్యూ: ‘యాక్’ అందేదాకా మెసేజ్‌ని వదలదు

విడవలూరు మండలంలో రొయ్యల గుంటల్లో సెన్సర్లు పెట్టాం. రీడింగులు తీసుకునే ప్రోగ్రాం ఒకటి, ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోనుకు అలర్ట్ పంపేది ఇంకొకటి. ఈ రెండింటి మధ్య మెసేజ్‌లను వరసలో (క్యూలో) పెట్టి అందించే సాఫ్ట్‌వేర్‌గా నాలుగేళ్లుగా రాబిట్ ఎంక్యూనే నడుస్తోంది. ఇన్‌స్టాలేషన్, స్పీడు సంగతులు అందరూ రాసినవే. నాకు నచ్చింది దీని యాక్నాలెడ్జ్‌మెంట్, పొట్టిగా ‘యాక్’. మెసేజ్ తీసుకున్న ప్రోగ్రాం ‘పని అయింది’ అని చెప్పేదాకా అది క్యూలోంచి పోదు. మధ్యలో ప్రోగ్రాం పడిపోతే మళ్లీ క్యూలోకే వచ్చేస్తుంది.

నిరుడు నవంబరు ముసురులో, రాత్రి మూడింటికి ఒక రైతు ఫోన్ చేశాడు. “ఏంది నాయనా, పది నుంచి ఒక్క మెసేజూ రాలా?” గుండె జారిపోయింది. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రాబిట్ ఎంక్యూ మేనేజ్‌మెంట్ పేజీ తెరిస్తే ‘రెడీ’ (ఇంకా ఇవ్వని మెసేజ్‌లు) కింది అంకె మొత్తం ‘అన్‌యాక్డ్’ (ఇచ్చినా యాక్ రానివి) లోకి పోతోంది, ఐదు సెకన్లకు తిరిగొస్తోంది. మళ్లీ పోతోంది, మళ్లీ వస్తోంది. ఎక్కడో ప్రోబ్ వైరు వదులై, అంకె రావాల్సిన చోట రెండు గీతలు వచ్చాయి. దాన్ని చదవలేక నా ప్రోగ్రాం పడిపోతోంది. మెసేజ్ తిరిగి క్యూ మొదట్లోకే చేరుతోంది. ప్రోగ్రాం లేవగానే ముందు అందేదీ అదే. మిగతా గుంటల రీడింగులన్నీ దాని వెనకే ఆగిపోయాయి. తప్పు నా కోడ్‌దే.

రైతు అప్పటికే చేతి మీటరుతో చూసుకుని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేయించాడు కాబట్టి సరిపోయింది. పాత అలర్టులు ఫోనుకు పోకుండా ఆపి, ఆ ఒక్క మెసేజ్‌ని పక్కకు తీశాను. పదింటి నుంచి ఆగిన రీడింగులన్నీ వరసగా దిగాయి. ఒక్కటీ పోలేదు. ఆ నిమ్మళం ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు చదవలేని మెసేజ్ డెడ్ లెటర్ క్యూకి, అంటే అలాంటివాటికని పక్కన పెట్టిన వేరే క్యూకి పోతుంది. కోరం క్యూలు (మెసేజ్ కాపీలు కొన్ని సర్వర్లలో ఉంచే రకం) వాడేవాళ్లకు రాబిట్ ఎంక్యూ 4.0 వెర్షన్ నుంచి ఒక మెసేజ్‌ని తిరిగి ఇచ్చే హద్దు 20 సార్లు అని ముందే పెట్టి ఉంటుంది. మాది అప్పుడు క్లాసిక్ క్యూ, అందులో ఆ హద్దు లేదు.

‘దీంట్లో మెసేజ్ పోనే పోదు’ అని మొదట్లో చాలామందికి చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. క్యూ డ్యూరబుల్‌గా (రీస్టార్ట్ అయినా ఉండేలా), మెసేజ్ పర్సిస్టెంట్‌గా (డిస్కు మీద రాసేలా), రెండూ పెట్టుకుంటేనే బ్రోకర్, అంటే రాబిట్ ఎంక్యూ సర్వరు, రీస్టార్ట్ అయినా మెసేజ్ మిగులుతుంది. పని అయ్యాక, యాక్ పంపేలోపు ప్రోగ్రాం పడిపోతే అదే మెసేజ్ రెండోసారీ వస్తుంది. అందుకే ప్రతి రీడింగుకీ ఒక నంబరు ఇచ్చి, చూసిందే మళ్లీ వస్తే వదిలేస్తున్నాం.

మాది ఒకే సర్వరు, గుంటకు నిమిషానికో రీడింగు. ఈ మాత్రానికి ఇది చాలు. నెల కిందటి మెసేజ్‌లు మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన పని ఉంటే మాత్రం ఈ మామూలు క్యూలు కుదరవు, యాక్ ఇచ్చాక మెసేజ్ ఉండదు. అలాంటివాళ్లు, చదివేశాక కూడా మెసేజ్‌లను దాచి ఉంచే కాఫ్కా చూసుకోవచ్చు, మాకు ఆ అవసరం ఇంకా రాలేదు.