ఓడలో అమెరికా వెళ్దామనుకునే పెద్దవాళ్ళూ, డబ్బు కట్టేముందు ఇది ఒక్కసారి చదవండి

విజయవాడ, గుంటూరు వైపు నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. "విమానంలో అంతసేపు కూర్చోలేరు కదా, యూరప్ దాకా వెళ్ళి అక్కణ్ణించి ఓడలో హాయిగా వెళ్ళండి" అని మన ఊళ్ళోనూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. మొన్న నవంబరులో మేము అలాంటిదే ఒకటి కొని వెళ్ళాం. ఓడ టికెట్లు, బార్సిలోనా దాకా విమానం, వీసా పనులు అన్నీ కలిపి ఇద్దరికీ 4 లక్షల 60 వేలు కట్టాం. విశ్రాంతి కోసం కట్టిన డబ్బు అది. అమెరికాలో దిగేసరికి మా వారికి వారం రోజులు మంచం దిగలేని నీరసం.

ట్రావెల్ ఆఫీసు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. ఓడ కంపెనీ పేరు కూడా అనవసరం, ఎందుకంటే తప్పు ఓడది కాదు. మాకు ఏం కావాలో చెప్పినా వినకుండా వేరేది అంటగట్టిన మనిషిది. రాతపూర్వకంగా ఏదీ అడగకపోవడం మా వైపు పొరపాటు.

మా వారికి రెండేళ్ళ కిందట నడుముకి ఆపరేషన్ అయింది. నాలుగైదు గంటలకి మించి ఒకే చోట కూర్చోవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది, జూలైలో ప్రసవం అయింది. మనవణ్ణి చూడకుండా ఎలా ఉంటాం? హైదరాబాదు నుంచి దోహా, అక్కడ ఒక రాత్రి పడక, మళ్ళీ విమానం, యూరప్‌లో రెండు రోజులు ఆగి ఓడ. ఇలా ముక్కలు ముక్కలుగా వెళ్తే తట్టుకుంటారనుకున్నాం. ఆలోచన మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను.

మా అమ్మాయి చెప్పిన ఓడ క్వీన్ మేరీ 2. ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవులో ఎక్కితే సాధారణంగా 7 రాత్రులకి న్యూయార్క్ చేరుస్తుంది. అక్కడి బ్రూక్లిన్‌లో దిగితే అల్లుడు కారేసుకుని వచ్చి తీసుకెళ్ళొచ్చు. నేను ఆ పేరు కాగితం మీద రాసుకుని మరీ ఆ ఆఫీసుకి వెళ్ళాను. ఆ అబ్బాయి కంప్యూటర్లో ఏదో చూసి, "అందులో రూములు అయిపోయాయి మేడమ్. ఇదీ అట్లాంటిక్ దాటే ఓడే. అదెంతో ఇదంతే, ఇంకా పెద్దది, పైగా 14 రాత్రులు, రేటు తక్కువ" అన్నాడు. నమ్మాను.

అసలు తేడా ఇక్కడుంది, దయచేసి శ్రద్ధగా చదవండి. క్వీన్ మేరీ 2 మహాసముద్రం దాటడానికే కట్టిన ఓడ. 2004లో ప్రయాణాలు మొదలుపెట్టింది. 345 మీటర్ల పొడవు, అంటే మన ప్రకాశం బ్యారేజీలో పావు వంతు కంటే కొంచెం ఎక్కువే. ముక్కు పొడవుగా, కోసుగా ఉంటుంది. అడుగు భాగం నీటిలో దాదాపు 10 మీటర్ల లోతుకి దిగి ఉంటుంది. ఉత్తర అట్లాంటిక్ అలల్ని చీల్చుకుంటూ వేగంగా పోవాలని అలా కట్టారు. ఇవాళ ఆ పని క్రమం తప్పకుండా చేస్తున్న ఆ తరహా ఓడ అదొక్కటే.

మాకు ఇచ్చినది విహారనౌక. ఇవి ఎండాకాలమంతా మధ్యధరా సముద్రంలో తిరిగి, చలికాలానికి కరీబియన్ దీవుల వైపు మకాం మారుస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో అటు వెళ్తాయి, ఏప్రిల్, మే నెలల్లో యూరప్‌కి తిరిగొస్తాయి. ఖాళీగా పోయే బదులు ఆ ప్రయాణానికి కూడా టికెట్లు అమ్ముతారు, అందుకే చవక. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. వెచ్చటి దక్షిణపు దారిలో వెళ్తాయి కాబట్టి కొందరికి ఇదే బాగుంటుంది కూడా. కానీ ఇది చేరేది న్యూయార్క్ కాదు, ఎక్కువగా ఫ్లోరిడా. ఎప్పుడంటే అప్పుడు ఉండదు, ఏడాదికి రెండు విడతలే. ఎవరైనా మీకు ఏప్రిల్లో అమెరికా వైపు వెళ్ళే ఇలాంటి ఓడ ఉందంటే రేవుల పేర్లు మళ్ళీ అడగండి, ఆ నెలలో ఇవి సాధారణంగా ఎదురు దిక్కున వస్తుంటాయి.

మాది ఫ్లోరిడాలో ఆగుతుందని ప్రయాణానికి మూడు వారాల ముందు టికెట్ పంపినప్పుడు మా అమ్మాయి చూసి చెప్పింది. "అమ్మా, ఫోర్ట్ లాడర్‌డేల్ అంటే మా ఇంటికి రెండు వేల కిలోమీటర్లు" అంది. బెజవాడ నుంచి ఢిల్లీ కన్నా దూరం! ఏజెంటుకి ఫోన్ చేస్తే, "అమెరికాలో దిగాక పిల్లలే వచ్చి తీసుకెళ్తారు కదా ఆంటీ" అన్నాడు. నెలల పసికందుని పెట్టుకుని వాళ్ళు అంతదూరం ఎలా వస్తారు? రద్దు చేద్దామంటే కట్టిన దాంట్లో దాదాపు ఏమీ వెనక్కి రాదన్నారు. ఓడ కంపెనీలు ప్రయాణానికి చాలా ముందే, కొన్ని మూడు నెలల ముందే, పూర్తి సొమ్ము కట్టించుకుంటాయి. ఆ తేదీ దాటాక, దగ్గర పడేకొద్దీ కోత పెరిగిపోతుంది. ఆ తేదీ ఎప్పుడో మాకెవరూ చెప్పలేదు. డబ్బు పోగొట్టుకోలేక బయల్దేరాం.

ఇక గది సంగతి. కొటేషన్‌లో "గ్యారంటీ క్యాబిన్" అని ఉంది. మంచి గదికి హామీ కాబోలు అనుకున్నాను. దానర్థం వేరట. ఫలానా తరగతి గది ఏదో ఒకటి ఇస్తామని మాత్రమే హామీ. ఏ అంతస్తు, ముందా వెనకా మధ్యా అన్నది కంపెనీ ఇష్టం. మిగిలిపోయిన గదులు ఇలా వెళ్తాయి. మాకు ఓడ కొసన, కిటికీ లేని గది వచ్చింది. సరిగ్గా థియేటరు పైన.

ఓడని పాతకాలం కాటాలా ఊహించుకోండి. అల వచ్చినప్పుడు నడిమి భాగం పెద్దగా కదలదు, రెండు కొసలూ లేస్తాయి, పడతాయి. ఓడ పక్కలకి ఒరగకుండా నీటి కింద రెక్కల్లాంటివి ఉంటాయి. అవి పక్క ఊపుని తగ్గిస్తాయి కానీ ముందూ వెనకా లేచిపడే ఊపుని ఆపలేవు. ఫంచల్ రేవు, అంటే పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి దాటాక మూడు రోజులు సముద్రం బాగా పొంగింది. మధ్య డెక్‌లో జనం కాఫీలు తాగుతూ పేకాడుకుంటున్నారు. మా గదిలో మాత్రం మంచం లేచి పడుతుంటే, కింద ఇనుము మీద అల కొట్టిన ప్రతిసారీ ధన్‌మని చప్పుడు. నడుము ఆపరేషన్ అయిన మనిషి ఆ మూడు రాత్రులూ గోడ పట్టుకుని కూర్చున్నారు. సముద్రం కాస్త తగ్గిన రోజు థియేటర్లో పాటల కచేరీ, రాత్రి 11 దాటేదాకా మంచం కింద డ్రమ్ములు. గది మార్చమని అడిగితే ఓడ నిండిపోయిందన్నారు, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.

ఐదో రోజు నుంచి మా వారు పగలంతా మధ్య అంతస్తుల్లో ఒక సోఫా చూసుకుని అక్కడే ఉండేవారు. అక్కడ ఆయనకి కడుపులో తిప్పలేదు, నిద్ర కూడా పట్టింది. అంటే అదే ఓడలో, నడిమి భాగంలో, కింది అంతస్తులో గది ఉంటే మా ప్రయాణం వేరేలా ఉండేది. ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం. కొంచెం ఎక్కువ కట్టి గది నంబరు ఎంచుకునే అవకాశం బుకింగ్ రోజునే ఉంటుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ప్రతి ఓడకీ అంతస్తుల మ్యాపు కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. గది పైనా కిందా ఏముందో చూడండి. పైన ఈతకొలను ఉంటే తెల్లారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద థియేటరుంటే మాకు జరిగినదే. పైనా కిందా కూడా గదులే ఉన్న చోటు ఎంచుకోండి.

ఇన్సూరెన్స్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. సముద్రం పొంగిన ఆ మూడు రాత్రుల్లో రెండో రాత్రి వాంతులు ఆగక మా వారిని ఓడలోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంజెక్షనూ, పరీక్షా కలిపి 180 డాలర్లు గది బిల్లులో వేశారు. పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. ఇంటికొచ్చి కాగితాలు తీస్తే అది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కోసం తీసిన పాలసీ. యూరప్‌లోని ఆ దేశాలకే, అదీ 8 రోజులకే. మదీరా రేవు వదిలిన నిమిషం నుంచి మేం ఏ రక్షణా లేకుండా సముద్రం మీద ఉన్నాం. 180 డాలర్లతో పోయింది కాబట్టి సరిపోయింది. నడిసముద్రంలో గుండెకి ఏదైనా అయితే హెలికాప్టరు వచ్చేంత దగ్గరలో నేల ఉండదు. ఓడ దారి మళ్ళించాలి, ఏదో దేశంలో ఆసుపత్రిలో చేర్చాలి. ఆ ఖర్చు మనలాంటి కుటుంబాలు మోయగలిగేది కాదు. అమెరికా కలిపి, ఓడ ప్రయాణం కలిపి, అత్యవసరంగా తరలించే ఖర్చు కలిపి, ముందునుంచి ఉన్న జబ్బుల గురించి స్పష్టంగా రాసి ఉన్న పాలసీ తీసుకోండి. మీ ఓడ ఎక్కే తేదీ నుంచి ఇల్లు చేరే తేదీ దాకా ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

వీసాల్లో మేం బతికిపోయాం, ఎందుకంటే అమెరికా సందర్శకుల వీసా (బీ1, బీ2) మాకు ముందే ఉంది. ఓడలో వెళ్ళినా అది తప్పనిసరి, ఎక్కే రేవులోనే అడుగుతారు. సౌతాంప్టన్‌లో ఎక్కాలంటే బ్రిటన్ వీసా, బార్సిలోనాలో ఎక్కాలంటే షెంగెన్ వీసా. ఇంకొక మెలిక ఉంది. కొన్ని ఓడలు మధ్యలో మొరాకో రేవుకి వెళ్ళి మళ్ళీ మదీరాకో, స్పెయిన్ దీవులకో వస్తాయి. అప్పుడు అది షెంగెన్‌లోకి రెండోసారి రావడం. ఒక్కసారి ప్రవేశానికే వీసా ఉంటే అక్కడ ఇబ్బంది. రేవుల జాబితా చేతిలో పెట్టుకునే వీసాకి దరఖాస్తు చేయండి.

"అన్నీ కలిపే" అన్న మాటలో ఏమేం లేవో చెప్తాను. సిబ్బంది టిప్పులు రోజుకి మనిషికి 16 డాలర్లు, అంటే ఇద్దరికీ 14 రాత్రులకి 448 డాలర్లు, చివర్లో బిల్లులో కనపడ్డాయి. వైఫై విడిగా కొనాలి. ఫ్లోరిడా నుంచి న్యూజెర్సీలోని నెవార్క్ విమానం, పెట్టెలకి విడిగా ఛార్జీ, అన్నీ మా అల్లుడే కట్టాడు. "ఇండియన్ ఫుడ్ ఉంటుంది" అని ఏజెంటు అన్నాడు కానీ మొదటి నాలుగు రోజులు సలాడ్లూ, బ్రెడ్డే. తర్వాత వంటశాలలో పనిచేసే ఒక గోవా అబ్బాయి చెప్పాడు, ముందురోజు రాత్రి భోజనాల హాలు పెద్దకి చెబితే పప్పూ, అన్నం, కూర చేసి పెడతారని. ఆ తర్వాత చేసి పెట్టారు, ప్రేమగా పెట్టారు. బుకింగ్‌లోనే శాకాహారం అని రాయించి ఉంటే మొదటి రోజు నుంచే దొరికేది. నేను తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి సీసా ఎక్కేటప్పుడే తీసేశారు. ఇంట్లో చేసినవి మా ఓడలో ఒప్పుకోలేదు, కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లు వదిలేశారు.

మంచి కూడా చెప్పాలి. యూరప్ నుంచి అమెరికా వైపు వెళ్తుంటే కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజులకి 25 గంటలన్నమాట. అక్కడ దిగాక పగలూ రాత్రీ తారుమారైన బాధ మాకు అసలు లేదు. చివరి నాలుగు రోజులు సముద్రం కృష్ణ నిండుగా ఉన్నప్పటి నీళ్ళలా నెమ్మదిగా ఉంది. మా వారు పొద్దున్నే డెక్ మీద గంటసేపు నడిచేవారు. విమానంలో ఇది కుదరదు. అందుకే ఓడలో వెళ్ళొద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు.

తిరిగొచ్చాక ఆ ఆఫీసుకి వెళ్ళాం. "అన్నీ కొటేషన్‌లో ఉన్నాయి కదా" అన్నారు. నిజమే, రేవు పేరు చిన్న అక్షరాల్లో ఉంది. క్వీన్ మేరీ 2 అడిగామన్న మాటకి, న్యూయార్క్ అన్న మాటకి మా దగ్గర కాగితం లేదు, ఫోన్ మాటలే. టూర్ మీద ఏజెంటు మన దగ్గర ముందుగానే పన్ను కింద వసూలు చేసిన టీసీఎస్‌కి సర్టిఫికెట్ కూడా అడిగి అడిగి తీసుకున్నాం. మీరూ అడగండి. అది మీ పాన్ మీద జమ అయితే రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే పన్ను జమల పట్టిక 26ఏఎస్‌లో చూసుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. తేలకపోతే ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. మనం ఉంటున్న ఊళ్ళోనే వేసుకోవచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు.

పోయిన వారం మా ఎదురింటి వదిన గారు ఇదే మాదిరి ప్యాకేజీకి అడ్వాన్సు చెక్కు రాసి పెట్టుకున్నారు. ఓడ పేరు, ఎక్కే రేవు, దిగే రేవు, గది నంబరు, పూర్తి సొమ్ము కట్టాల్సిన ఆఖరి తేదీ, రద్దు చేస్తే కోత ఎంతో, ఇవన్నీ మెయిల్‌లో పంపమని ఆవిడ చేత అడిగించాను. "డబ్బు కట్టాక పంపుతాం అమ్మా" అన్నారట. ఆవిడ చెక్కు ఇవ్వకుండా ఇంటికొచ్చేశారు.