అద్దె రేకుల బ్యారికేడ్: మా సైటులో నాలుగు నెలలు

బెంగళూరు హొరమావులో మా 30×40 సైటులో ఇల్లు కడుతున్నాం. సంపు (నేల కింద నీళ్ల తొట్టి) కోసం 8 అడుగుల గుంత తవ్విన సాయంత్రం, పక్క సందులో ఆడుకునే ఆరేళ్ల పాప బంతి కోసం దాని అంచుదాకా వచ్చేసింది. మేస్త్రీ సర్వి కట్టెలు నాటి గ్రీన్ నెట్ కట్టినాడు గానీ, పిల్లలు దాన్ని ఎత్తి దూరేస్తారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే హెణ్ణూరు వైపు రేకులు అద్దెకిచ్చేవాళ్లకు ఫోన్ చేసినాను.

ఒక పక్క పొరుగింటి గోడ ఉంది కాబట్టి మిగిలింది మూడు వైపులు, 100 అడుగులు. 8 అడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకులు, ఇనుప గుంజలు, ఒక గేటు. అడుగుకు నెలకు 45 రూపాయలు, లారీకీ బిగింపుకూ 9,000, డిపాజిట్ 20,000. ఇల్లయినాక ఆ రేకులు దాచుకునే చోటు మాకు లేదు, అందుకే కొనలేదు.

బిగించడానికి వచ్చినవాళ్లలో పెద్దాయనది మదనపల్లె. పనిమంతుడు. మా రోడ్డు వాలుగా ఉంటుంది, దాంతో పల్లం మూలలో రేకు కింద అడుగు సందు మిగిలింది. "సామాను యాడికీ పోదులే అక్కా" అన్నాడు. "సామాను కోసం కాదన్నా, పిల్లల కోసం" అని ఆ పాప సంగతి చెప్పినాను. ఇంకేం మాట్లాడలేదు. రేకు ముక్క కోసి సందు మూసేసినాడు, కోసిన అంచు చేతులు గీరకుండా మడిచినాడు కూడా. గేటు రోడ్డు మీదికి తెరుచుకునేది, లోపలికి తిప్పించుకున్నాం.

గాలి విషయంలోనే ఇబ్బంది పడినాం. ఊత పైపులు మూలల్లో మాత్రమే పెట్టి, చాలన్నారు. మా తమ్ముడు స్ట్రక్చరల్ ఇంజినీరు, వాడితో లెక్క కట్టించినాను. కట్టడాల మీద గాలి బరువును లెక్కకట్టే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం బెంగళూరుకు గాలి వేగం సెకనుకు 33 మీటర్లు తీసుకోవాలంట. అంటే చదరపు మీటరుకు సుమారు 65 కిలోల తోపు. గుంజకూ గుంజకూ మధ్య 8 అడుగులు, ఎత్తు 8 అడుగులు అనుకుంటే, ఒక్కో గుంజ మీద 400 కిలోలకు దగ్గర. చెన్నైకి 50 మీటర్లు, అక్కడ తోపు రెండింతల పైనే. ఇదంతా చెప్పినా వినలేదు. మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు రోడ్డు వైపు రెండు గుంజలు ఒరిగినాయి. ఫోన్ చేస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా ఎత్తలేదు. అంతసేపూ నేనూ మా ఆయనా వాచ్‌మనూ వంతులేసుకుని అక్కడే కాపలా ఉన్నాం. తర్వాత వచ్చి ప్రతి గుంజకూ లోపలి నుంచి ఊత పెట్టినారు, డబ్బులు అడగలేదు. మీరు మాత్రం మొదటిరోజే పెట్టించుకోండి. రేకుల మీద ఫ్లెక్సీలు కట్టనివ్వద్దు.

ఇంకొక మాట, ఇది వాళ్ల తప్పు కాదు. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఫ్లడ్ లైటు వైరును రేకులకే కట్టినాడు. వైరు తొక్క ఎక్కడన్నా చిరిగితే 100 అడుగుల రేకులకీ కరెంటు పాకుతుంది, బయట దారిన పోయేవాళ్లు చెయ్యి ఆనించినా చాలు. ఆ పూటే విప్పించి, వైరును వెదురు కట్టెల మీద వేయించినాను, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించినాను.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఫోన్ ఎత్తి ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని. కాంపౌండ్ గోడ లేచేదాకా ఇంకో రెండు నెలలు పొడిగించుకున్నాం. సంపు మీద స్లాబు పడింది. ఆ పాప బంతి ఇప్పుడు రేకులకు తగిలి సందులోకే తిరిగి పోతోంది.