రోజంతా ఆన్‌లో ఉండే కంప్యూటర్‌కి ఏ ప్రాసెసర్ మేలు?

చెరువుల మీద కెమెరాలు పెట్టుకున్న రొయ్య రైతు ఇంట్లో కంప్యూటర్‌కి ఆపే వేళంటూ ఉండదు. చెరువులేమో ఇందుకూరుపేట, విడవలూరు వైపు. ఇల్లు నెల్లూరు టౌన్‌లో. కెమెరాల రికార్డింగ్ రాత్రీ పగలూ నడుస్తుంది. మేత లెక్కల ఎక్సెల్ ఫైలు తెరిచే ఉంటుంది. మనిషి దాని ముందు కూర్చునేది గంటో రెండు గంటలో. కెమెరా పంపిన వీడియోని ఉన్నదున్నట్టు డిస్క్ మీదకి రాసుకోవడమే కాబట్టి ప్రాసెసర్‌కి పెద్ద పనేం ఉండదు. అందుకే ఇలాంటి మిషన్ గురించి నన్నెవరైనా అడిగితే నేను ముందు చూసేది ఒకటే: ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు తాగుతుంది?

ఆ అంకె డబ్బా మీద ఉండదు. డబ్బా మీద వేసే వాట్లు బరువు పని చేసేటప్పటి లెక్క, కూలర్ ఎంతది కావాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఇంటెల్ ఐ3-12100కి 60 వాట్లు, ఏఎండీ రైజెన్ 5 5600కి 65, రైజెన్ 5 5600జీకి కూడా 65. కాగితం మీద ముగ్గురూ అన్నదమ్ముల్లా కనిపిస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు గోడ సాకెట్ దగ్గర మీటర్ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

రైజెన్ 5 5600 లోపల రెండు ముక్కలుంటాయి. లెక్కలు చేసే కోర్లు ఒక ముక్కలో, మెమరీనీ మిగతా భాగాలనీ చూసుకునే ముక్క వేరే. కోర్లు నిద్రపోయినా ఆ రెండో ముక్కా, రెండింటి మధ్య లింకూ మేలుకునే ఉంటాయి. పైగా దీంట్లో గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు కొనాల్సిందే. మానిటర్ కాకుండా మొత్తం మిషన్ ఊరికే 50 వాట్ల చుట్టుపక్కల లాగడం మామూలే. 5600జీ అలా కాదు. లాప్‌టాప్‌ల కోసం చేసిన డిజైన్‌నే డెస్క్‌టాప్‌కి తెచ్చారు, అంతా ఒకే ముక్క, గ్రాఫిక్స్ లోపలే. దాంతో కట్టిన మిషన్ 20, 30 వాట్ల మధ్యకి దిగుతుంది. పేరు చివర ఒక్క అక్షరం తేడాతో కరెంటు సగమవుతోంది.

ఐ3-12100 ఇంకాస్త మేలు. ఇదీ ఒకే ముక్క. మదర్‌బోర్డు సహకరిస్తే లోతైన నిద్రలోకి పోతుంది, 15 నుంచి 25 వాట్లలో మిషన్ మొత్తం సర్దుకుంటుంది. బోర్డు సహకరిస్తే అని ఊరికే అనలేదు. కొన్ని బోర్డుల సెట్టింగుల్లో (బయోస్‌లో) సీ-స్టేట్స్, అంటే ప్రాసెసర్ నిద్ర స్థాయిలు, పూర్తిగా ఆన్ చేసి రావు, మనమే చూసుకుని పెట్టుకోవాలి. కొనేటప్పుడు 12100ఎఫ్ మాత్రం వద్దు. నాలుగు డబ్బులు తక్కువకి వస్తుంది గానీ దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, మళ్లీ కార్డు ఖర్చు, కార్డు తాగే వాట్లు. రైజెన్ 5 5500తోనూ ఇదే తంటా: ఒకే ముక్క చిప్పే, గ్రాఫిక్స్ మాత్రం లేదు.

ఇక ఎన్100. 2023 జనవరిలో ఇంటెల్ తెచ్చిన చిన్న చిప్, నాలుగు చిన్న కోర్లు, 6 వాట్లు. మినీ పీసీల్లో బోర్డుకే అతికించి వస్తుంది. ఖాళీగా ఉంటే మొత్తం పెట్టె 10 వాట్ల లోపే. కానీ కెమెరాలు పెరిగి, మనిషి కదిలితే మొబైల్‌కి అలర్ట్ పంపే సాఫ్ట్‌వేర్ కూడా దీని మీదే నడపాలంటే ఆయాసపడుతుంది. మామూలు పెద్ద హార్డ్ డిస్కులు బిగించడానికి చాలా మినీ పీసీల్లో చోటే ఉండదు.

డబ్బు లెక్క చూద్దాం. ఒక వాటు ఏడాదంతా నడిస్తే 8.76 యూనిట్లు. ఇంటి బిల్లులో నెలకి 226 నుంచి 400 యూనిట్ల దాకా స్లాబు రేటు 8 రూపాయల 75 పైసలు. ఫ్రిజ్, ఏసీ ఎలాగూ తప్పవు కాబట్టి కంప్యూటర్ యూనిట్లు పడేది ఆ పై స్లాబులోనే. 55 వాట్ల 5600 మిషన్‌కీ, 20 వాట్ల 12100 మిషన్‌కీ తేడా 35 వాట్లు, అంటే ఏడాదికి 306 యూనిట్లు, దాదాపు 2,680 రూపాయలు. అదే 12100 నుంచి 8 వాట్ల ఎన్100కి దిగితే మిగిలేది 920. మొదటి తేడా వదులుకోకూడనిది. రెండో దాని కోసం పని చేసే మిషన్‌ని వదులుకోవాలా అంటే నేనైతే వద్దంటాను. రోజుకి రెండు గంటలు వాడి ఆపేసేవాళ్లకి ఈ గొడవంతా అనవసరం, నచ్చింది కొనుక్కోవచ్చు.

నెల్లూరులో బిల్లు కంటే ఇన్వర్టర్ ముఖ్యమనిపిస్తుంది నాకు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందు వానంతా మన మీదే. కార్తీకం, మార్గశిరం వచ్చాయంటే ఇక్కడ కరెంటు మీద నమ్మకం పెట్టుకోకూడదు. 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు, చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. దాని మీద 55 వాట్ల మిషన్ నడిపేదానికీ 20 వాట్లది నడిపేదానికీ మధ్య ఒక రాత్రి రికార్డింగ్ ఉందా లేదా అన్నంత తేడా వస్తుంది. చెరువు మీద దొంగలు పడేది కూడా ఆ రాత్రే కదా.

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లే వాళ్లకి ఇంకో దారుంది. ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న బ్రాండెడ్ పీసీలు. ఎనిమిదో తరం ఐ5 ఉన్నవి 20 వాట్ల లోపు నడుస్తాయి, ఎందుకంటే వాటి పవర్ సప్లై ఆ సైజుకి సరిపడా చేసినదే. ఆరు, ఏడు తరాలవి ఇంకా చవక, కానీ విండోస్ 11 వాటిని అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. షాపులో "కరెంటు తక్కువ కావాలంటే టీ మోడల్ తీసుకో అన్నా, 35 వాట్లే" అంటారు. ఆ 35 పరిగెత్తేటప్పటి పరిమితి. ఖాళీగా ఉంటే పేరు చివర టీ అక్షరం ఉన్నదీ లేనిదీ దాదాపు ఒకటే, దాని కోసం ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

కొత్తది కట్టించేవాళ్లు పవర్ సప్లై దగ్గర జాగ్రత్తపడాలి. 20 వాట్ల మిషన్‌కి 750 వాట్ల సప్లై పెడితే అంత తక్కువ లోడ్‌లో అది కరెంటు ఎక్కువ వృథా చేస్తుంది. పేరున్న 400, 450 చాలు. మానిటర్ ఒక్కటే 20 వాట్లు తాగుతుంది, రాత్రి దాన్ని ఆపకుండా ప్రాసెసర్ గురించి చర్చ పెట్టుకోవడంలో అర్థం లేదు.

నా ఓటు 12100కి. ఫొటోలు, వీడియో ఎడిటింగ్ కూడా అదే మిషన్ మీద చేసే ఇల్లయితే 5600జీ. ఇప్పటికే 5600 కొని ఉన్నవాళ్లు బోర్డు మార్చక్కర్లేదు. బయోస్ అప్‌డేట్ చేస్తే మామూలుగా అదే ఏఎం4 సాకెట్ బోర్డులో 5600జీ కూర్చుంటుంది. పాత చిప్పూ గ్రాఫిక్స్ కార్డూ కలిపి అమ్మేస్తే కొత్త చిప్ ఖర్చులో చాలా భాగం వచ్చేస్తుంది, గేములాడే కుర్రాళ్లు వాటి కోసం వెతుకుతూనే ఉంటారు.