ఓటీ అంటే ఓవర్‌టైమ్ కాదు: మనవడి థెరపీ సెంటర్ గురించి

ముప్పై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాణ్ణి. డిపోలో ఓటీ అంటే ఓవర్‌టైమ్. ఆస్పత్రిలో అంటే ఆపరేషన్ థియేటర్. పిల్లల డాక్టరు గారు మా ఐదేళ్ల మనవణ్ణి చూసి "ఓటీకి తీసుకెళ్లండి" అనగానే కోత ఏదో ఉందనుకుని మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆక్యుపేషనల్ థెరపీ అని, అంటే పిల్లలు రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా ఆటలతో, సాధనతో నేర్పే చికిత్స అని ఆయన విడమరిచి చెప్పాక గానీ స్థిమితపడలేదు.

మిక్సీ మోగితే వాడు చెవులు మూసుకుని వీధిలోకి పరుగు. పెరుగన్నం వేలికి అంటితే ఏడుపు. మెడ దగ్గర లేబుల్ కత్తిరించనిదే చొక్కా వేసుకోడు. అలాంటివాడు సోఫా మీద నుంచి మాత్రం రోజుకు యాభైసార్లు దూకుతాడు. అల్లరి అనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

విజయవాడలో మేము వెళ్లే ఈ సెంటర్ పేరు రాయను. తిట్టేది కూడా ఉంది మరి. ముందు మంచి చెబుతాను.

థెరపిస్టు చిన్న పిల్లే, పాతికేళ్లుంటాయేమో. మొదటి రోజే "తాతగారూ, మీరు క్లచ్ వైపు చూసి తొక్కేవారా?" అని అడిగింది. లేదన్నాను. "కాలు ఎక్కడుందో, ఎంత బలంగా తొక్కాలో కండరాలు, కీళ్లు మెదడుకు కబురు పంపుతుంటాయి. బాబుకు ఆ కబురు సరిగ్గా అందడం లేదేమో, అందుకే దూకి, గుద్దుకుని తెలుసుకుంటున్నాడు" అంది. ఘాట్ రోడ్డులో వాంతులు ఎందుకవుతాయో కూడా చెప్పింది. లోపలి చెవి మలుపులు తిరుగుతున్నామంటుంది, కళ్లకేమో ముందు సీటు కదలకుండా కనిపిస్తుంది. రెండు కబుర్లకూ పొసగదు. శ్రీశైలం ఘాట్‌లో ఎన్నిసార్లు బస్సు ఆపానో, కారణం రిటైరయ్యాక తెలిసింది.

అక్కడ ఉయ్యాల అంటే నాలుగు తాళ్లకు కట్టిన చదరపు చెక్క. మావాడు మొదటి రోజు దాని దరిదాపులకు పోలేదు. ఆ అమ్మాయి బలవంతం చేయకుండా ఉయ్యాలను నేలకు జానెడెత్తుకు దించి, తాళ్లకు బట్టల క్లిప్పులు పెట్టమంది. మూడో వారానికి దాని మీద కూర్చునే క్లిప్పులు పెడుతున్నాడు. ఇంటికిచ్చిన పని ఇంకా నచ్చింది: ముందు పొడి బియ్యంలో చేతులు పెట్టించాలి, తర్వాత పిండి, ఆ తర్వాత చింతపండు గింజలు తీయించాలి. కొట్టు నుంచి రెండు కిలోల కందిపప్పు సంచి వాడే మోసుకొస్తున్నాడు.

ఇక తిట్లు. ఉయ్యాల కింద పరుపు పొట్టిది, ఒక పక్క టైల్స్ బయటపడి ఉన్నాయి. బ్రేకులు చూడనిదే బండి తీయని అలవాటు నాది, మొదటి రోజే చెప్పాను. సరిచేయడానికి రెండు వారాలు పట్టింది. నలభై ఐదు నిమిషాల సెషన్ తరచూ ముప్పై ఐదుకే ముగుస్తుంది. సెషన్‌కు 600 చొప్పున 24 సెషన్లకు 14,400 ముందే కట్టించుకున్నారు, మధ్యలో చెప్పాపెట్టకుండా పదిహేను రోజులు వేరే అమ్మాయిని పెట్టారు. వాడు మళ్లీ మూలకు చేరాడు.

రిసెప్షన్ గోడ మీద "మెదడు ఎదుగుదల గ్యారంటీ" అని బోర్డు. ఇలా ఉయ్యాలతో, బియ్యంతో కదలిక, స్పర్శ కబుర్లను మెదడుకు అలవాటు చేసే పద్ధతిని సెన్సరీ ఇంటిగ్రేషన్ అంటారు. దీనికి ఆద్యురాలు జీన్ ఎయర్స్ అనే అమెరికా థెరపిస్టు, 1972లో దీని మీద పుస్తకం రాశారు. అదే అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2012లో దీని మీద పరిశోధన పరిమితమేనని తల్లిదండ్రులకు చెప్పాలని రాసింది. మా డాక్టరు గారు చూపించారు. గ్యారంటీ ఎక్కడి నుంచి వచ్చిందని కౌంటర్లో అడిగితే ఇంకో ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు.

నాలుగు నెలల్లో మావాడు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, పెరుగన్నం చెంచాతో తింటున్నాడు. మిక్సీకి ఇంకా చెవులు మూసుకుంటాడు, కాకపోతే "నానమ్మా, ఆగు" అని చెప్పి మరీ వెళ్తాడు. ఐదు మార్కులకు మా మొదటి థెరపిస్టు అమ్మాయికి ఐదు, యాజమాన్యానికి రెండు.

ప్యాకేజీ ముగిసింది. ఇప్పుడు ఏ రోజు డబ్బు ఆ రోజే కడుతున్నాను, అడిగితే ఒప్పుకున్నారు. ఖర్చు భరించలేనివారు ముందు జిల్లాలోని ప్రభుత్వ డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం) అడగండి, ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద ఉచితం. పేరు రాయకపోయినా గుర్తుపట్టి ఈ సెంటర్‌కే వచ్చేవారు మాత్రం సాయంత్రం నాలుగు గంటల సెషన్ తీసుకోండి. ఆరు దాటితే పక్క ట్యూషన్ పిల్లల సైకిళ్లతో స్కూటరు పెట్టడానికి చోటుండదు.