ఫిల్టర్ డబ్బా మీద అంకె చూసి కొనకండి

నాది 80 లీటర్ల చేపల ట్యాంక్. పాత ఫిల్టర్ మోటారు కాలిపోతే ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించాను. డబ్బా మీద గంటకు 600 లీటర్లు అనీ, లోపల యూవీ (అతినీలలోహిత) లైటు అనీ పెద్ద అక్షరాలతో ఉంది. "నెలకోసారి కార్ట్రిడ్జ్ మార్చండి, నీళ్లు అద్దంలా ఉంటాయి" అన్నాడు అమ్మినాయన ఫోన్లో. కార్ట్రిడ్జ్ అంటే ఫిల్టర్ లోపల పెట్టి మార్చుకునే వడపోత సంచి. రెండు నెలలు తిరక్కుండానే లోపల చేపలున్నాయో లేవో తెలియనంతగా నీళ్లు చిక్కబడ్డాయి.

మొదట తెల్లబడ్డాయి, నాలుగో రోజుకే, పాలు కలిపినట్టు. అందులో సగం తప్పు నాదే. పాత ఫిల్టర్‌తో పాటు దాని స్పాంజ్ కూడా పారేశాను. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురం ఉండేది ఎక్కువగా ఆ స్పాంజ్‌లోనే. అది మళ్లీ నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా నీళ్లలో వేరే బ్యాక్టీరియా విచ్చలవిడిగా పెరిగి మబ్బు కమ్మినట్టవుతుంది. మేత తగ్గించి, రోజూ కాసిని నీళ్లు మారుస్తూ ఓపిక పట్టాను. తేటపడ్డాయి.

సరిగ్గా అప్పుడే నెల నిండింది. చెప్పినట్టే కార్ట్రిడ్జ్ తీసి పారేసి కొత్తది పెట్టాను. ఐదో రోజుకి మళ్లీ పాలే! టెస్ట్ కిట్ చుక్కలు వేస్తే పసుపుగా ఉండాల్సిన నీళ్లు ఆకుపచ్చకి తిరిగాయి, అంటే అమ్మోనియా. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అప్పుడు ఫిల్టర్ విప్పి చూశాను. దూది సంచిలో గుప్పెడు కార్బన్ (బొగ్గు), అంతే. వేరే స్పాంజ్ లేదు, బ్యాక్టీరియా నిలవడానికి ఇంకో చోటు లేదు. నెలనెలా దాన్ని పారేయమనడం ఫిల్టర్‌ని బతికించడానికి కాదు, కార్ట్రిడ్జ్‌లు అమ్ముకోవడానికి. అసలు మందు వాసనో, రంగో తీయాల్సి వస్తే తప్ప రోజువారీగా కార్బన్ అవసరమే లేదు.

ఇక ఆ 600 సంగతి. నీళ్లు వచ్చే గొట్టం కింద లీటరు సీసా పట్టి ఫోన్లో టైం చూశాను. నిజంగా 600 అయితే ఆరు సెకన్లలో నిండాలి. పద్దెనిమిది పట్టింది. అంటే గంటకు 200 లీటర్లు. డబ్బా మీద వేసే అంకె చాలాసార్లు లోపల దూదీ స్పాంజీ ఏమీ లేకుండా, నీళ్లు పైకి ఎక్కే పని లేకుండా మోటారు ఒక్కటే తోసే లెక్క. ట్యాంక్ నీళ్లు గంటకు నాలుగైదు సార్లు తిరగాలనుకుంటే నాకు 320 నుంచి 400 దాకా కావాలి. కొన్న రోజే ఈ సీసా పరీక్ష చేసి ఉంటే వాపసు పంపేవాణ్ని.

తర్వాత నీళ్లు ఆకుపచ్చగా మారాయి. లైటు రోజుకు పన్నెండు గంటలు వెలిగించేవాణ్ని, నైట్రేట్ పేరుకుంది, ఇంకేం, పాచికి పండగే. అద్దం మీది పాచి గీకితే పోతుంది. ఇది నీళ్లలోనే తేలే సన్నటి పాచి, స్పాంజ్‌కి చిక్కదు. దీనికి యూవీ బాగా పనిచేస్తుంది, నిజమైనదైతే. అసలైన యూవీ-సీ దీపం కళ్లకూ చర్మానికీ హాని, అందుకే వెలుతురు బయటికి రాని మూసిన అరలో బిగించి, నీళ్లను దాని పక్కనుంచి పంపిస్తారు. నా ఫిల్టర్‌లో ఉన్నది పారదర్శకమైన ప్లాస్టిక్ వెనక రెండు నీలం ఎల్ఈడీలు! పాచిని చంపడం మాట అటుంచి, దానికి ఇంకో దీపం పెట్టినట్టయింది.

వాపసు అడిగితే "నీళ్లలో పెట్టి వాడింది తీసుకోం" అన్నాడు. నీళ్లలో పెట్టకుండా ఫిల్టర్‌ని ఎలా చూడాలో మాత్రం చెప్పలేదు.

పాచి మందు జోలికి నేను పోలేదు. పాచి ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ట్యాంక్‌కి మూడు రోజులు దుప్పటి కప్పి, ఎయిర్ పంప్ ఆపకుండా నడిపి, తర్వాత సగం నీళ్లు మార్చాను. లైటు ఇప్పుడు ఆరు గంటలే.

ఇలాంటి ఫిల్టర్ ఇప్పటికే కొనేసి ఉంటే కార్ట్రిడ్జ్ వెనక ముతక స్పాంజ్ ముక్క కోసి దూర్చండి. దాన్ని కుళాయి కింద కడగకండి, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంక్‌లోంచి తీసిన బకెట్ నీళ్లలోనే పిండండి. కొత్త ఫిల్టర్ తెచ్చుకున్నా పాతదాన్ని నెల పైన పక్కనే నడవనివ్వండి.