లిబరల్ స్టడీస్ బీఏ: సోషల్ టీచర్‌గా ఇన్నేళ్లు వాడాక

మా కర్నూల్లో బీఏ చదివానని చెబితే అవతలివాళ్లు వెంటనే అడిగేది "హెచ్‌ఈపీనా?" అని, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్సా అని. నాది అది కాదు. బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో లిబరల్ స్టడీస్ చదివాను. తర్వాత బీఎడ్ చేసి, ప్రైవేటు స్కూళ్లలో పనిచేసి, ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. కోర్సులో ఏమేం ఉంటాయో బ్రోచర్లలో దొరుకుతుంది కాబట్టి అవి వదిలేస్తున్నాను. ఈ డిగ్రీ నాకు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ ఏడిపించిందో మాత్రం చెబుతాను.

నాకు ఈ డిగ్రీ అంటే ప్రాణం. కారణం ఒక్కటే. ఏ విషయమైనా తీసుకుని దాన్ని చరిత్ర వైపు నుంచి, డబ్బు వైపు నుంచి, నేలా నీళ్ల వైపు నుంచి, చట్టం వైపు నుంచి వరసగా చూడడం అక్కడ అలవాటు చేశారు. ఒక సెమిస్టర్‌లో నీళ్ల గురించే ఒక పేపరు. దాన్ని ముగ్గురు ప్రొఫెసర్లు కలిసి చెప్పేవాళ్లు, క్లాసులో మా ముందే ఒకరి మాటను ఇంకొకరు ఖండించేవాళ్లు. లైబ్రరీ, చిన్న క్లాసులు, ప్రెజెంటేషన్లు అన్నీ బాగానే ఉండేవి, అయితే అవి వేరేచోట కూడా దొరుకుతాయి. ఇది మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది చదివేటప్పుడు కాదు, పదో తరగతికి జల వనరుల పాఠం చెప్పేటప్పుడు.

పుస్తకంలో భాక్రా నంగల్, హీరాకుడ్ లాంటి పెద్ద డ్యాములుంటాయి. మా పిల్లల్లో చాలామంది రోజూ కేసీ కెనాల్ దాటి బడికొస్తారు. అందుకని కాలువతోనే మొదలుపెట్టాను. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు తీసుకుని, కర్నూలు ఊళ్లో హంద్రీ మీదుగా దాటి, కడప వరకూ పోయే కాలువ అది. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1860లలో తవ్వించింది. సేద్యంతో పాటు పడవలు కూడా నడపాలన్నది వాళ్ల ఆలోచన. ఇదంతా చెప్పి బోర్డు మీద రెండు ముక్కలు రాశాను. కాలువ: 1860లు. దాని కింద, మహా కరువు: 1876-78.

వెనక బెంచీ నుంచి ఒక పాప లేచింది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"మేడం, కాలువ ముందే ఉండాది కదా. మరి కరువెట్ల వచ్చె?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ ఒక్క పుస్తకంలోనూ లేదు. నేను చరిత్ర మాత్రమే చదివి ఉంటే కరువు తేదీలు, చనిపోయినవాళ్ల లెక్కలు చెప్పి ముందుకు పోయేదాన్నేమో. ఆ రోజు బోర్డు చెరిపేసి, పిల్లల్నే జవాబు కట్టమన్నాను.

"వానల్లేవు మేడం, ఏట్లోనే నీళ్లు తగ్గింటాయి" అన్నాడొకడు. సగం నిజం. ఇంకో పిల్లాడు, వాళ్లది నల్లరేగడి చేను, "మా చేనికి తడి పెడితే జొన్న పాడైపోతాది, మా నాయన పెట్టడు" అన్నాడు. ఇది కూడా నిజమే. ఆ రోజుల్లో ఇక్కడి రైతులు కాలువ నీళ్లు పెద్దగా తీసుకోకపోవడానికి నేల స్వభావం ఒక కారణం, నీటి పన్ను ఇంకో కారణం. అక్కణ్నుంచి డబ్బు దగ్గరికొచ్చాను. కంపెనీ పెట్టుబడికి సర్కారు 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చింది. "లాభం వచ్చినా రాకపోయినా వడ్డీ మీ చేతికొస్తుందంటే, రైతు నీళ్లు తీసుకుంటున్నాడా లేదా అని మీరు పట్టించుకుంటారా?" అని అడిగాను. క్లాసంతా ఒక్కసారిగా "పట్టించుకోం మేడం!" అంది. చివరికి 1882లో సర్కారే ఆ కాలువను కొనుక్కుందని చెబితే, "ఎవరి డబ్బుతో?" అని ముందు బెంచీలోంచి వచ్చింది. ఎకనామిక్స్‌లో గ్యారంటీ గురించి నేను చెప్పాలనుకున్నదంతా ఆ మాటలోనే ఉంది.

ఆ తర్వాత గింజల సంగతి. కరువు రోజుల్లో కూడా దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. గింజలున్నాయి, కొనే శక్తి లేదు. సర్కారు కరువు పనులు పెట్టింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఆ పనుల్లో కూలిని మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యానికీ, దాని మీద కొద్దిపాటి చిల్లరకూ తగ్గించాడు. పౌండు అంటే ఎంతో పిల్లలకు అందలేదు. మర్నాడు మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర నాలుగొందల యాభై గ్రాముల బియ్యం తూయించి, న్యూస్‌పేపర్ మీద పోసి టేబుల్ మీద పెట్టాను. ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్లారు. "దినమంతా మట్టి మోసినోళ్లకు ఇదేనా?" అని ఒక పిల్లాడు ఆ బియ్యం గుప్పెట్లోకి తీసుకుని మళ్లీ అక్కడే పోశాడు.

ప్రశ్న అడిగిన పాప ఆ రోజు వాళ్ల అవ్వను అడిగి వచ్చింది. "మా అవ్వ దాన్ని ధాత కరువు అంటాది మేడం" అంది. 1876లో మొదలైన తెలుగు సంవత్సరం ధాత. ఆ పేరు ఆ ఇంట్లో ఇన్ని తరాలు నిలిచింది. అక్కణ్నుంచి కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికకు రావడానికి నాకు ఏ కష్టమూ కాలేదు. తుంగభద్ర, కృష్ణ నీళ్లలో రాయలసీమకు ముందు అవకాశం ఇవ్వాలని పెద్దలు ఎందుకు పట్టుబట్టారో పిల్లలే చెప్పారు. భూగోళం, చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం నాలుగూ ఒకే కాలువలో పారాయి. ఆ వారం నేను ఇంటికి వెళ్లి మా అమ్మతో అదే మాట చెప్పుకుంటూ కూర్చున్నాను.

అయితే ఒక మాట. ఒక్క పీరియడ్ పాఠం దాదాపు వారం పట్టింది. మా హెడ్మాస్టర్ "పాఠం బాగుందమ్మా, సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తావు?" అన్నారు, ఆయన అడగడంలో న్యాయముంది. పబ్లిక్ పరీక్షలో ప్రశ్నలు దేని దారిన అవి విడివిడిగానే వస్తాయి. ఏడాదికి ఇలాంటి పాఠాలు ఒకటో రెండో చెప్పగలుగుతున్నాను, అంతకు మించి కుదరడం లేదు.

పైన ప్రాణం అన్నాను కాబట్టి లోటు కూడా చెప్పాలి. అన్నీ చదివించారు, దేనిలోనూ లోతు సరిపోలేదు. ముఖ్యంగా భూగోళం. పర్యావరణం పేరుతో చాలా చదివాం కానీ, రుతుపవనాల క్రమం, మ్యాప్ పాయింటింగ్, శిలల రకాలు ఇవన్నీ ఉద్యోగంలో చేరాక భూగోళంలో ఎంఏ చేసిన తోటి టీచర్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. టీచర్ అర్హత పరీక్ష టెట్‌లోనూ ఈ డిగ్రీ పెద్దగా ఆదుకోలేదు. 150 మార్కుల్లో సోషల్‌కు 60. అవి పాఠ్యపుస్తకాలు పట్టుకుని బట్టీ వేసినవాళ్లకు వస్తాయి. ప్రభుత్వ టీచర్ పోస్టుల భర్తీకి పెట్టే డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి అందరిలాగే నేనూ కోచింగ్ మెటీరియల్ వేసుకుని కూర్చున్నాను.

అసలు ఏడుపు సర్టిఫికెట్‌తో. నా డిగ్రీ మీద "బీఏ, లిబరల్ స్టడీస్" అని ఉంది, అంతే. మార్కుల మెమోలో పేపర్ల పేర్లు "నీరు, సమాజం, అధికారం", "నగరం, వలస" ఇలా ఉంటాయి. చదివేటప్పుడు ఆ పేర్లు ముచ్చటగా ఉండేవి. బీఎడ్‌లో సోషల్ మెథడాలజీకి సర్టిఫికెట్లు చూసేచోట కౌంటర్‌లో ఆయన మెమోలన్నీ తిరగేసి, "ఇందులో హిస్టరీ ఏదమ్మా? ఎకనామిక్స్ ఏది?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను, ఆయన ముందున్న జాబితాలో సబ్జెక్టుల పేర్లే ఉన్నాయి. ఏ పేపరు ఏ సబ్జెక్టు కిందికొస్తుందో, ఎన్ని క్రెడిట్లో రాసి రిజిస్ట్రార్ సంతకంతో లెటర్ తెమ్మన్నారు. యూనివర్సిటీకి మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు తిప్పారు. చివరికి రాత్రి బస్సెక్కి బెంగళూరు పోయి, ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని, సాయంత్రానికి లెటర్ తెచ్చుకున్నాను. గడువు దాటకుండా పని అయింది కానీ ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అన్ని సబ్జెక్టులూ కలిపి చెప్తామని గొప్పగా ప్రచారం చేసుకునే యూనివర్సిటీ, దానివల్ల విద్యార్థికి రాబోయే ఇబ్బంది గురించి చేరేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

టీచింగ్ కాకుండా అంటారా, మా బ్యాచ్‌లో ఒకామె మూడేళ్ల లా చదివి వకీలైంది. ఇంకొకరు వాటర్‌షెడ్ పనులు చేసే స్వచ్ఛంద సంస్థలో ఉన్నారు. గ్రూప్-2 రాస్తున్న స్నేహితుడు చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిన అవసరం రాలేదంటాడు. ఎంఏ ఎకనామిక్స్‌లో చేరిన అమ్మాయి మాత్రం లెక్కలు రాక మొదటి ఏడాది చాలా ఇబ్బంది పడింది.

ఇప్పుడు టీచర్ కావాలనుకునేవాళ్లకు దారులు మారాయి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల డిగ్రీ పోయి, ఒకే ముఖ్య సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ వచ్చింది. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ల బీఏ బీఎడ్ ఉంది. ఆ కోర్సు కోసం మైసూరు రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కు మన పిల్లలు ప్రవేశ పరీక్ష రాసుకోవచ్చు. ఇంకో సంగతి, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఎడ్‌తో ఎస్జీటీ, అంటే ప్రైమరీ టీచర్ పోస్టులకు అవకాశం లేదు. అంటే లిబరల్ స్టడీస్ చదివి బీఎడ్ చేస్తే మీ గురి హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టే. వాటికి నోటిఫికేషన్‌లో ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో ముందే చూసుకోండి.

నేను ఈ డిగ్రీ చదవగలిగానంటే నాన్నకు జీతం వచ్చే ఉద్యోగం ఉంది, ఫీజుకు అప్పు చేయలేదు, ఉద్యోగం ఆలస్యమైనా ఇంట్లో ఎవరూ తొందరపెట్టలేదు. ఇవి లేని ఇంట్లో, డీఎస్సీయే లక్ష్యమైతే, మెమో మీద హిస్టరీ, ఎకనామిక్స్ అని తేటగా రాసి ఉండే డిగ్రీయే క్షేమం. మా పిన్ని కూతురు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, నేను చదివిన కోర్సే చదువుతానంటోంది. ముందు ఆ యూనివర్సిటీ నుంచి మార్కుల మెమో నమూనా తెప్పించి నాకు పంపమన్నాను. అందులో సబ్జెక్టుల పేర్లు కనబడితే చేరమనే చెబుతాను. ఫీజు సంగతి మాత్రం మా చిన్నాన్న తేల్చాలి.