పలకరాయి వేయించి ఏడేళ్లు: కూలి లెక్క నాకెక్కడ తప్పింది

ఒంగోలులో మా ఇంటి ముందు వైపు మార్కాపురం పలకరాయి అంటించి ఏడేళ్లయింది. రాయి మాట ముందే చెప్పేస్తాను, బాగుంది. రంగు దిగలేదు. మెట్ల వైపు గోడకి మళ్లీ పెయింట్ వేయించే పని తప్పింది. వాన పడితే ఆ బూడిద రంగులోంచి తుప్పు రంగు చారలు ఇంకా తేలుతుంటాయి. చిన్నప్పుడు బలపం పట్టి దిద్దిన పలకలు కూడా ఆ ఊరివే కదా, "గోడంతా పలకలే, అ ఆలు రాసుకోండి" అని మామయ్యగారు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. నేను రాస్తున్నది రాయి గురించి కాదు, దాన్ని అంటించడానికి ఇచ్చిన కూలి గురించి.

2018లో మేస్త్రిగారు వచ్చి గోడల వైపు ఒకసారి చూసి, "అయిదొందల చదరపు అడుగులు వస్తుందమ్మా. అడుగుకి డెబ్బై. ముప్పై అయిదు వేలు. రాయీ, దాన్ని అంటించే గమ్మూ మీరు తెచ్చి పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. నేను డైరీలో 35,000 అని రాసి కింద రెండు గీతలు గీశాను. పని అయ్యేసరికి ఇచ్చింది 53,560.

ఆయన మోసం చేశారని అనను. "మిగతాది" అంటే ఏమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కొలతలు ఇవీ. మెట్ల గోడ 9 అడుగుల వెడల్పు, 24 అడుగుల ఎత్తు. అందులో 4x4 కిటికీలు రెండు. బాల్కనీ కింద పట్టీ 54 చదరపు అడుగులు. పోర్టికో స్తంభాలు రెండు, ఒక్కోటి చుట్టూ ఆరడుగులు, ఎత్తు పది. గేటు పోగా ప్రహరీ 120 చదరపు అడుగులు. కిటికీలతో కలిపితే 510, తీసేస్తే 478. మొదటి గొడవ ఇక్కడే. చిన్న కిటికీలు తీసెయ్యరట, దాని అంచుల దగ్గర కోతకి పట్టే టైముకి అది సరిపోతుందట. న్యాయమైన మాటే. కానీ ఆయన కిటికీలు తీసెయ్యకుండానే అంచులకి విడిగా రన్నింగ్ ఫీట్ లెక్క (పొడవు అడుగుల్లో) కూడా వేశారు. రెండిట్లో ఏదో ఒకటే ఇస్తానని కూర్చున్నాను. చివరికి 478కి ఒప్పుకుని అంచుల డబ్బు విడిగా ఇచ్చాను. ఈ సంగతి మొదటి రోజే తేల్చుకుంటే ఆ శనివారం బటవాడా దగ్గర అంత టెన్షన్ ఉండేది కాదు.

ఇక అంచులు. నేను గోడని గోడగానే చూశాను, చదరపు అడుగులే కనపడ్డాయి. పని చేసేవాడికి కనపడేది మూల. రెండు పలకలు మూల దగ్గర కలవాలంటే రెండిటి అంచూ ఏటవాలుగా 45 డిగ్రీలకి కోయాలి. పలకరాయి పొరలుపొరలుగా ఉంటుంది, బ్లేడు కాస్త తొందరపడితే అంచు పెచ్చు లేచిపోతుంది, ఆ ముక్క పక్కన పారెయ్యాల్సిందే. మా ఇంట్లో స్తంభాల మూలలే 80 అడుగులు. కిటికీలు 32, మెట్ల గోడ చివర 24, ప్రహరీ పైఅంచు 24. మొత్తం 160 రన్నింగ్ ఫీట్, నలభై చొప్పున 6,400.

మిగిలినవి చిన్నచిన్నగా పోయాయి. పరంజాకి సర్వి కర్రలు, కట్టడం, విప్పడం కలిపి 4,500. అప్పటికే పుట్టీ వేసి పెయింట్ కొట్టిన గోడ కాబట్టి గీకి, గాట్లు పెట్టడానికి 4,000 (పెయింట్ మీద గమ్ము పట్టదు, ఇది మాత్రం ఆయన గట్టిగా చెప్పి చేయించారు, ఆయనకి దండం పెట్టాలి). చివర్లో రాయిలోకి నీళ్లు ఇంకకుండా కొట్టే సీలర్ పూతకి 2,500. రాయి తెప్పించింది 500 అడుగులే, కోతల్లో, పెచ్చుల్లో పోగా నలభై తక్కువ పడింది. రెండో లోడు వచ్చేదాకా రెండు రోజులు నలుగురూ ఖాళీ. సగం కూలి లెక్కన 2,700 ఇచ్చాను. అది పూర్తిగా నా తప్పే. మూలలు ఎక్కువున్న ఇంటికి నూటికి పదీ పన్నెండూ అదనంగా తెచ్చుకోవాలి.

అసలు సంగతి స్తంభాల దగ్గర ఉంది. అప్పట్లో మేస్త్రికి 850, హెల్పర్‌కి 500. ఇద్దరేసి ఉన్నారు కాబట్టి రోజుకి 2,700. ప్రహరీ మీద వాళ్లు రోజుకి 60 అడుగులు లాగేశారు, మెట్ల గోడ మీద 45 దాకా. స్తంభాల మీద 30 దాటలేదు. ఇప్పుడు డెబ్బైతో గుణించి చూడండి. ప్రహరీ మీద రోజుకి 4,200 వస్తుంది, స్తంభం మీద 2,100. కూలీకే 2,700 ఇవ్వాలి. మూలల డబ్బు కలిస్తేనే కాస్త మిగిలేది, దానికి చివరిదాకా మా మధ్య మాట తేలలేదు. నష్టం వచ్చేలా ఉన్న చోట ఎవరైనా ఏం చేస్తారు? చేతులు వేగంగా ఆడిస్తారు. పలక వెనకంతా గమ్ము పులిమి, దువ్వెనలా గీసి అంటించాల్సింది పోయి, నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి నొక్కేశారు. నేను పక్కనే టీ గ్లాసులు పట్టుకుని నిలబడి చూశాను. పని చకచకా సాగుతోందని సంతోషపడ్డాను కూడా.

మూడేళ్లు ఏమీ కాలేదు. 2021 నవంబరు వానలకి ఎడమ స్తంభం మీద పలకల సందుల్లోంచి తెల్లగా ఉప్పు తేలింది. తర్వాత ఒక రోజు తెల్లవారుజామున చప్పుడైతే పిల్లి ఏదో పడేసిందనుకున్నాను. చూస్తే స్కూటర్ సీటు మీద పలక. మనిషి మీద పడలేదు, అంతే. రూపాయి బిళ్లతో తట్టి చూస్తే ఆ స్తంభంలో సగానికి పైగా డొల్ల శబ్దం. ముద్దల మధ్య ఖాళీల్లో నీళ్లు నిలిచాయి. అదే మనుషులు, అదే గమ్ముతో వేసిన మెట్ల గోడ ఎక్కడ తట్టినా గట్టిగానే ఉంది. అక్కడ వాళ్లకి కూలి గిట్టింది.

సంక్రాంతి వెళ్లాక వేరే మేస్త్రిని పిలిచి ఆ స్తంభం మొత్తం విప్పించాను. ఈసారి రోజు కూలికే. ఒక మేస్త్రి, ఒక హెల్పర్, రోజుకి 1,600, అయిదున్నర రోజులు. 8,800. అరవై అడుగులకి లెక్కేస్తే అడుగుకి దాదాపు 147. మొదట ఇచ్చిన రేటుకి రెట్టింపు పైనే. అందులో ఒక రోజు పాతది ఊడగొట్టడానికే పోయింది. కుడి స్తంభం అలాగే ఉంది, ఏడాదికోసారి వానలకి ముందు తట్టి చూసుకుంటాను.

సీలర్ గురించి ఒక్క మాట. మొదట నిగనిగలాడేది కొట్టించాను, అది రెండేళ్లలో పడమటి ఎండకి పొట్టులా లేచింది. రెండోసారి మెరుపు లేనిది వేయించాను, బాగుంది. కానీ రెండోసారి కూలి మొదటిసారి లెక్కలో లేదు. పరంజా మళ్లీ కట్టాలి కదా.

ఎత్తు సంగతి కూడా నాకు పట్టలేదు. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగు సుమారు అయిదు కిలోలు తూగుతుంది. మెట్ల గోడకి ఎక్కినది దగ్గర దగ్గర టన్ను. అది తాడుతో పైకి లాగింది ఆ ఇద్దరు హెల్పర్లే. దానికి ఆయన విడిగా అడగలేదు. అడిగి ఉంటే అప్పట్లో నేను బేరమాడేదాన్నే.

మొన్న చీరాలలో తమ్ముడి ఇంటికి ఇదే పని. వాడూ "అడుగుకి ఎంత?" అనే మొదలుపెట్టాడు. నేను మేస్త్రిగారికి కాగితం ఇచ్చి గోడలు, స్తంభాలు, మూలలు, పరంజా, గోడ గీకడం, సీలర్ వేరువేరు వరసల్లో రాయమన్నాను. కిటికీలు తీసేసే లెక్కా కాదా అన్నది కూడా అందులోనే. పలక వెనక పూర్తిగా గమ్ము పులిమితేనే ఆ రేటు అని పక్కన నేనే రాశాను. సాదా గోడకి 95 వేశారు. స్తంభాల దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆలోచించి 160 అని రాసి, నేను తగ్గించమంటానేమోనని నా వైపు చూశారు. తమ్ముడు నోరు తెరవబోతే నేనే ఆపాను.